ఉలవలంక పర్వతం

గోదావరి రెండు పాయల మధ్య ఇరుక్కున్న ఉలవలంకలో అన్నిటికన్నా ఎత్తయినది కొబ్బరిచెట్టు. దాని తర్వాత చెప్పుకోదగ్గది వీఆర్వో వరహాలు గారి భార్య మంగతాయారు గొంతు. ఆ ఊళ్లో కొండ చూడాలంటే తిరుపతి మొక్కుండాలి. అటువంటి ఊరికి ప్రభుత్వం పర్వతం మంజూరు చేసింది. కారణం పెద్దదేం కాదు, మంత్రిగారు సినిమా చూశారు.

సినిమా పేరు 'ఆఖరి తాడు'. మంచుకొండ మీద చిక్కుపడిన యాత్రికుల్ని హీరో ఒక్కొక్కరినే తాడు కట్టి కిందికి దింపుతాడు. మధ్యలో మంచు విరిగి పడుతుంది, హెలికాప్టరు పేలిపోతుంది, హీరోయిన్ స్వెట్టరు లేకుండా పాట పాడుతుంది. అందర్నీ దింపేశాక హీరో శిఖరం మీద ఒంటరిగా మిగిలి, "పైనున్నవాడు ఆపదలో ఉన్నట్టు. నేల మీదున్నవాడు తల్లి ఒళ్ళో ఉన్నట్టు!" అంటాడు. హాలంతా ఈలలు. మంత్రిగారు జేబురుమాలు పూర్తిగా తడిపేసి, బయట మైకుల ముందు నిలబడి, "ఇలాంటి రక్షణ మన రాష్ట్రంలో ప్రతి జిల్లాకీ ఉండాలి" అన్నారు.

ప్రతి జిల్లాకీ అన్నారు. కొండలున్న జిల్లాలకి అనలేదు. మంత్రిగారు అననిమాట ఉత్తర్వులో రాయడానికి సచివాలయంలో ఎవరికి గుండె ఉంది?

అలా పర్వత ఆపద్రక్షణ మండలి పుట్టింది. నిబంధనలు రాయాలంటే కొండలెక్కేవాళ్ళని అడగాలి. అడిగితే ఆలస్యమవుతుందని, అధికారులంతా కలిసి ఆ సినిమానే మళ్ళీ మళ్ళీ వేసుకు చూసి, ఆపి ఆపి రాసుకున్నారు. ఆరో నిబంధన మాత్రం హీరో డైలాగుని కొంచెం గ్రాంథికం చేసి దించేశారు: "ఎత్తున ఉన్న ప్రతి వ్యక్తియు ఆపన్నుడే. నేలకు దింపబడిన ప్రతి వ్యక్తియు రక్షితుడే."

తహసీల్దారు ఆఫీసు నుంచి వరహాలు గారికి కాగితం వచ్చింది. "మీ గ్రామ పరిధిలోని పర్వతముల వివరములు తక్షణమే పంపవలెను."

వరహాలు మంచివాడు. మెమో అంటే భయం తప్ప ఆయనకి వేరే దురలవాటు లేదు. నిజమే కదా అని "లేవు" అని రాసి పంపాడు. కాగితం తిరిగొచ్చింది. "లేవు" అన్న సమాధానం గడిలో పట్టదని, మంత్రిగారి ఆశయాన్ని కించపరిచేదిగా ఉందని తహసీల్దారు సీతాపతి గారు ఫోన్లో చెప్పారు.

"మీ ఊళ్లో నేలకన్నా ఎత్తుగా ఉన్నది ఏదీ లేదటయ్యా?"

"కొబ్బరిచెట్లున్నాయండి."

"చెట్టు ఉద్యానశాఖ కిందికొస్తుంది. మట్టితో ఉన్నది చెప్పు."

వరహాలు బుర్ర గోక్కున్నాడు. "నాగులచవితికి పాలు పోసే పుట్టొకటి ఉందండి."

"అదీ! అది చెప్పవేం మరి!" అన్నారు సీతాపతి గారు, నెత్తిమీద బరువు దిగినట్టు.

పుట్ట మండలం దాటేసరికి "గుట్ట" అయింది. జిల్లా దాటేసరికి "అభివృద్ధి చేయదగ్గ పర్వతము, ప్రస్తుతము ప్రాథమిక దశలో కలదు" అయింది. రాజధాని చేరాక, జిల్లాలో ఇంకెక్కడా ఇంతటి పర్వతం లేదు కనుక, మండలివారి రక్షణ కేంద్రం ఉలవలంకలోనే పెట్టాలని తీర్మానమైంది.

ఆ వార్త విని మంగతాయారు మొగుణ్ణి నిలదీసింది. "మీకేమన్నా మతి గానీ పోయిందేటండీ? పాముల పుట్టని కొండని రాసిచ్చేశారా? రేపొచ్చి పాముని ఏనుగంటే సరేనంటారా?"

"అడిగింది పైవాళ్ళే. గడి ఖాళీగా ఉండకూడదంట."

"గడి నిండిపోయింది సరే. ఊరు మునక్కుండా చూసుకోండి."

ఆ మాట ఊరికే అన్నది కాదు. ఏటా శ్రావణంలో గోదారమ్మ ఎర్రగా వచ్చి ఉలవలంకని కడిగి పోతుంది. మామూలు రోజుల్లో జనం చిన్న నావల మీద గట్టుకి పోయొస్తుంటారు. వరదలో ఆ నావలు తిరగవు. అప్పుడు ఊరికున్న దిక్కల్లా సర్కారువారి ఇంజను పడవ, దాన్ని నడిపే నూకరాజు. పోయిన ఏడాది కూడా వాడే, మీసాలమీద నీళ్ళు కారుతుండగా, ఊరందర్నీ గట్టుకి చేర్చాడు.

మండలి సంచాలకులు డాక్టర్ ధనుంజయ్ గారు రాజధాని నుంచి దిగారు. నల్లకళ్ళద్దాలు, నడుముకి తాళ్ళ చుట్ట, ఎండ మండిపోతుంటే ఉన్నికోటు. ఆయన డాక్టరేటు ఏ విషయంలోనో ఎవరూ అడగలేదు. పుట్ట చుట్టూ ఒకసారి తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, "సంభావ్యత అపారంగా ఉంది" అన్నారు.

ఊరి పొలిమేరలో పెద్ద చేపల చెరువంత గొయ్యి తవ్వి, ఆ మట్టంతా పోశారు. ఉపాధి పనుల వాళ్ళు వేసవంతా తట్టలు మోశారు. పుట్టని కదపడానికి ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. మంగతాయారు ముందు నిలబడి, "నాగేంద్రుడి మీద చెయ్యేస్తే మీ కొండ మీద మీరే పడుకుంటారు" అంది. సంచాలకులు ఆలోచించి పుట్టని అలాగే ఉంచి, పక్కన 'బేస్ క్యాంప్' అని బోర్డు పాతించారు. మట్టిదిబ్బ చివరికి కొబ్బరిచెట్టు మొవ్వుని అందుకునేంత ఎత్తయింది. అక్కడ నిలబడితే గోదావరి రెండు పాయలూ కనబడేవి. అబద్ధం ఎందుకు, చూడ్డానికి బాగానే ఉండేది.

తంటా అల్లా సంచాలకుల ప్రయాణంతో వచ్చింది. లంకకి వంతెన లేదు. సంచాలకులు గట్టు మీద అతిథిగృహంలో ఉంటూ నావ మీద రావడం పదవికి తగదు. అందుచేత, ఉత్తర్వు: "వరద శాఖకు చెందిన ఇంజను పడవను సంచాలకుల అధికారిక వాహనముగా మార్చడమైనది. సంచాలకుల లిఖితపూర్వక ఉత్తర్వు లేనిదే సదరు వాహనము గట్టు వదలరాదు." పడవకి తెల్లరంగు వేసి, పక్కల మంచుకొండలు గీయించి, 'శిఖరరథం' అని పేరు రాశారు. నూకరాజుకి ఉన్నిటోపీ ఇచ్చారు.

"ఇదేటి బాబూ, నెత్తిమీద కుంపటెట్టారు" అని వాడు వరహాలు దగ్గర మొత్తుకున్నాడు. "తీసేత్తే మెమో ఇత్తారంటగా?"

"ఇస్తారు. ఉంచుకో."

ఆ రోజే ఊరివాళ్ళతో సమావేశం. సంచాలకులు రక్షణ గురించి చాలాసేపు మాట్లాడి, సందేహాలుంటే అడగమన్నారు. మంగతాయారు లేచింది.

"అంతా బాగుందండి. మరి వరదొస్తే మాకు పడవేదండి?"

సంచాలకులు చిరునవ్వు నవ్వారు. "మంచి ప్రశ్న. ఆ అంశం పరిశీలనలో ఉంది."

వరహాలు తల దించుకున్నాడు. ఆ మాటకి అర్థమేమిటో ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఆయనకి తెలియనిది కాదు.

ఇక శిక్షణ. సినిమాలో కొండ మీద మంచుంది కనుక ఇక్కడా ఉండాలి. రొయ్యల చెరువుల కోసం ఐసు తయారుచేసే ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు తెప్పించి, పొడిచేసి, దిబ్బ మీద పరిచారు. ఎండకి అది కరిగేలోపు, రాజధాని నుంచి వచ్చిన రక్షకదళం కుర్రాళ్ళు గడగడ వణుకుతున్నట్టు నటిస్తూ ఎక్కాలి. ఐసు లేక అవతల రొయ్యలు కుళ్ళిపోయాయి. ఇవతల పర్వతం రొయ్యల కంపు కొట్టింది. సంచాలకులు ముక్కుకి గుడ్డ కట్టుకుని, "ఎత్తుల్లో గాలి పల్చబడుతుంది, ఊపిరి ఆడదు, ఇది సహజం" అని దళానికి చెప్పారు.

దళం ఉందంటే దానికి లక్ష్యం ఉండాలి, నెలకి ఇంతమందిని రక్షించాలని. ఉలవలంకలో కొండెక్కి చిక్కుకునేవాడు ఎవడున్నాడు? అందుకని వంతులు వేశారు. ప్రతి ఇంటి నుంచీ ఒకరు దిబ్బ ఎక్కి "కాపాడండీ" అనాలి. దళం పోయి తాడు కట్టి దింపాలి. మంగతాయారుని మూడు మాట్లు దింపారు. మూడోసారి ఆవిడ "కాపాడండి" అనకుండా, "ఎసరు పొంగిపోతోంది, తొందరగా కానివ్వండి" అంది. అది రికార్డులో "ఆపన్నురాలు తీవ్ర మానసిక ఒత్తిడిలో ఉన్నది" అని పడింది.

వంతులు కూడా చాలక లక్ష్యం వెనకబడుతోందని సంచాలకులు దిగులుపడుతుండగా, ఒక ఉదయం ఆయన కంటికి సూరిబాబు ఆనాడు. సూరిబాబు కొబ్బరి దింపు తీసే మనిషి. చెట్టు మొవ్వులో కూర్చుని గెల నరుకుతున్నాడు.

"ఎవరది? ఎత్తున ఉన్నాడు!"

"దింపు తీస్తున్నాడండి" అన్నాడు వరహాలు.

"ఆరో నిబంధన చదివారా మీరు? ఎత్తున ఉన్న ప్రతి వ్యక్తీ ఆపన్నుడే. పర్వతం మీద అని ఎక్కడుంది అందులో?"

నిజమే, లేదు. దళం పరిగెత్తింది. సూరిబాబు నడుముకి తాడు బిగించి, వాడు బూతులు తిడుతుండగానే నేలకి దింపి, ఫోటో తీసి, గ్లూకోజు నీళ్ళు తాగించారు. వాడు నోరు తుడుచుకుని పక్క చెట్టెక్కాడు. మళ్ళీ దింపారు. సాయంత్రానికి వాడి పేరు ఎదర "పునరావృత ఆపన్నుడు" అని రాశారు. ఆ నెల లక్ష్యం ఒక్క సూరిబాబు మీదే పూర్తయిపోయింది. మర్నాటి నుంచి లంకలో దింపు తీసేవాడు లేడు. ముదిరిన కాయలు వాటంతటవే రాలి జనం నెత్తిన పడుతుంటే, అది కింద ఉన్నవాళ్ళ సమస్య కనుక మండలి పరిధిలోకి రాలేదు.

"కాయ కోసుకోడానికి లేదు, నెత్తి కాసుకోడానికి లేదు" అని సూరిబాబు వరహాలు గుమ్మంలో కూలబడ్డాడు. "నన్నెవరన్నా వీళ్ళ బారి నుంచి రచ్చిత్తే బాగుండునండి."

వరహాలు వాడికి మజ్జిగ ఇప్పించాడు. అంతకన్నా చెయ్యగలిగింది ఆయనకి తోచలేదు. పుట్టని కాగితం మీద పెట్టింది తన చెయ్యే అన్న సంగతి మాత్రం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

శ్రావణం వచ్చింది. ఎగువన వానలు. మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారని రేడియోలో చెప్పిన రోజున వరహాలు పడవ కోసం ఫోన్ చేశాడు. "లిఖితపూర్వకంగా పంపండి" అన్నారు. పంపాడు. రెండో హెచ్చరిక. "దస్త్రం నడుస్తోంది" అన్నారు. దస్త్రం నడుస్తోంది, గోదావరి పరిగెడుతోంది. మూడో హెచ్చరిక వచ్చిన ఉదయం నీళ్ళు వరహాలు ఇంటి అరుగెక్కాయి.

"ఏవండీ, పడవేదండి?" అంది మంగతాయారు. ఈసారి ఆ గొంతులో ఎకసెక్కం లేదు. 

"కొండెక్కండి" అన్నాడు వరహాలు. "అందరూ కొండెక్కండి!"

చెప్పాల్సిన పని లేకపోయింది. వంతులకి ఎక్కి ఎక్కి ఊరందరికీ అలవాటే. ముసలాళ్ళు, చంటిబిడ్డల తల్లులు, బియ్యం మూటలు, కోళ్ళ గంపలు, గేదెలు, అన్నీ దిబ్బ మీదికి చేరాయి. కాసేపటికి ఉలవలంకలో నీళ్ళ పైన మిగిలింది ఇళ్ళ కప్పులూ కొబ్బరిచెట్లూ ఆ దిబ్బా. ఛీ అన్న కొండే చుట్టమైంది. మంగతాయారు రాళ్ళు పేర్చి పొయ్యి వెలిగించింది. "ఏ మాటకామాటే, పుట్టని కొండని రాశారు, అదే దక్కింది" అంది మొగుడితో. పెళ్ళయ్యాక ఆవిడ ఆయన్ని మెచ్చుకున్నట్టు వినబడింది అదే మొదలు.

గంజి మరుగుతుండగా ఇంజను చప్పుడు వినిపించింది. శిఖరరథం! మంచుకొండల బొమ్మలు ఎర్రనీళ్ళలో ఊగుతూ వస్తున్నాయి. జనం కేకలు పెట్టి చేతులూపారు. పడవ దిబ్బకి ఆనగానే సంచాలకులు, దళం, కెమెరా మనిషీ దిగారు.

"అదృష్టం!" అన్నారు సంచాలకులు, దిబ్బనిండా ఉన్న జనాన్ని చూసి. "ఇంతమంది నిజమైన ఆపన్నులు ఒకే శిఖరం మీద! మంత్రిగారు టీవీ ముందు కూర్చున్నారు. దళం, ఆపన్నుల్ని దింపండి."

"ఎక్కడికండి?" అన్నాడు వరహాలు.

"పర్వతపాదానికి. ఏడో నిబంధన. బేస్ క్యాంపు దగ్గర అప్పగిస్తేనే రక్షణ పూర్తయినట్టు."

బేస్ క్యాంప్ బోర్డు నీళ్ళలో మునిగి, పై అంచు మాత్రం సుడిలో కొట్టుకుంటోంది. నాగేంద్రుడు ఎక్కడికి పోయాడో ఆయనకే తెలియాలి.

"అక్కడ గోదారుందండి!"

"గోదావరి జలవనరుల శాఖ చూసుకుంటుంది. మన శాఖ ఎత్తు వరకే."

కెమెరా తిరగడం మొదలెట్టింది. దళం అలవాటుకొద్దీ మొదట సూరిబాబునే పట్టుకుంది. వాడు గింజుకుంటుండగానే తాడు కట్టి దిగువకి వదిలారు. మోకాళ్ళు మునిగాయి, నడుం మునిగింది, అంతలో నీటి ఒరవడి వాణ్ణి గడ్డిపరకని లాగినట్టు లాగేసింది. తాడు పట్టుకున్న కుర్రాళ్ళు బోర్లాపడ్డారు. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. ఊరి మగాళ్ళంతా దూకి తాడందుకుని లాగితే, సూరిబాబు మట్టినీళ్ళు కక్కుతూ పైకొచ్చి పడ్డాడు.

"మొదటి ప్రయత్నం కొంత తడబడింది" అన్నారు సంచాలకులు కెమెరాతో. "తర్వాతి ఆపన్నురాలు."

దళం మంగతాయారు వైపు తిరిగింది. ఆవిడ గంజి గరిటె పట్టుకుని నిలబడి, దళాన్ని కాదు, మొగుణ్ణి చూసింది.

వరహాలు ఒక అడుగు ముందుకేశాడు. పై అధికారికి ఎదురుచెప్పడం ఆయనకి పుట్టుకతో రాలేదు, ఇప్పుడు వచ్చేదీ కాదు. కానీ అక్షరం పొల్లుపోకుండా లోబడడం ఉంది చూశారూ, అది ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

"సార్, చిన్న మనవండి" అన్నాడు చేతులు కట్టుకుని. "ఆరో నిబంధనలో 'నేలకు' అని ఉందండి. నీళ్ళలో దింపితే రక్షితుల లెక్కలోకి రారండి. ఆడిట్ వాళ్ళు పట్టుకుంటారండి."

ఆడిట్ అన్న మాటకి సంచాలకులు నల్లకళ్ళద్దాలు తీశారు. "అయితే?"

"నేలంటే ఇప్పుడు గట్టేనండి. జనాన్ని తాళ్ళతో పడవలోకి దింపి గట్టుకి చేర్చామనుకోండి, నిబంధనా నిలుస్తుంది, టీవీలోనూ బాగుంటుందండి. పడవలో చోటు చాలదు గనక, తమరూ దళమూ శిఖరం మీదే ఉండి నడిపించాలండి. సినిమాలో హీరో అందర్నీ దింపాకే కదండీ దిగాడు. మంత్రిగారికి ఆ ఘట్టమే ఇష్టమంట."

సంచాలకులు ఒక్క క్షణం గోదావరిని చూశారు. ఒక్క క్షణం కెమెరాని చూశారు. కెమెరా గెలిచింది. ఆయన ఉన్నికోటు సర్దుకుని, దిబ్బ కొసకి ఎక్కి, "చివరి ఆపన్నుడు నేల చేరేవరకూ ఈ శిఖరం వదలను!" అన్నారు.

"ఆ ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టాలండి. లేకపోతే పడవ కదలదండి."

రాసిచ్చారు. "ఉలవలంక ఆపన్నులందరూ గట్టు చేరువరకు శిఖరరథము తిరుగుటకు అనుమతించడమైనది."

నూకరాజు ఉన్నిటోపీ తీసి గోదాట్లో పారేశాడు. పిల్లల్నీ తల్లుల్నీ ముందు దింపారు, తర్వాత ముసలాళ్ళని. సుళ్ళు తప్పించుకుంటూ, తూముల దగ్గర పోటుకి ఎదురీదుతూ, వాడు పోయొస్తూనే ఉన్నాడు. ఆఖరి తడవలో సూరిబాబు, మంగతాయారు, వరహాలు ఎక్కారు. కెమెరా మనిషి కూడా, జనం గట్టు దిగే దృశ్యం కావాలంటూ, వాళ్ళతో పాటు దూకేశాడు. గేదెలు మాత్రం దిబ్బ మీదే ఉన్నాయి, దళంతో.

పడవ గట్టుకి చేరింది. ఉలవలంకలో ఒక్క ప్రాణం పోలేదు. వరహాలు గట్టు మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చుని, మనుషుల్ని మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుని, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ఫోన్ మోగింది.

"అందరూ చేరారా? సరే, పడవ పంపండి" అన్నారు సంచాలకులు. కెమెరా లేకపోయేసరికి గొంతు కొంచెం చిన్నదైంది. "ఇక్కడ నీళ్ళు పైకొస్తున్నట్టున్నాయి."

వరహాలు గట్టు మీద కట్టిన కొలబద్ద వైపు చూశాడు. నీళ్ళు ఇక అంగుళం కూడా పెరగడం లేదు, ఇందాకటి నుంచీ తీస్తున్నాయి. దిబ్బకి ఏ ఢోకా లేదు.

"చిత్తం సార్. కాకపోతే తమరిచ్చిన ఉత్తర్వు జనం గట్టు చేరేవరకేనండి. అది అయిపోయిందండి. కొత్తది కావాలండి, లిఖితపూర్వకంగా."

"ఇక్కణ్ణుంచి ఎలా పంపనయ్యా కాగితం?"

"పడవ మీద పంపాలండి."

"పడవ నీ దగ్గరుంది కదయ్యా!"

"ఉందండి. ఉత్తర్వు లేదండి."

అవతల గేదె అరుపు ఒకటి వినబడింది. "ఇక్కడ భరించలేని కంపుగా ఉంది" అన్నారు సంచాలకులు చివరికి.

"ఎత్తుల్లో గాలి పల్చబడుతుందండి. సహజమండి."

గట్టు మీద ఎవరో పెట్టిన పులిహోర పొట్లాలు పంచుతున్నారు. మంగతాయారు తడిసిన కొంగు పిండుకుంటూ వచ్చి, మొగుడి పక్కన చతికిలబడింది. దూరంగా, ఎర్రనీళ్ళ మధ్య, దిబ్బ కొసన ఉన్నికోటు చేతులూపుతోంది.

"పాపం, ఆ బాబుకి పడవేదండి?" అందావిడ.

వరహాలు పొట్లం విప్పాడు. "ఆ అంశం పరిశీలనలో ఉందే" అన్నాడు.

మంగతాయారు మొగుడి మొహం కేసి చూసింది. ముప్పయ్యేళ్ళుగా చూస్తున్న మొహమే, ఇవాళ కొత్తగా కనబడింది. పొట్లంలోంచి ఒక ముద్ద తీసుకుంది.

"పరిశీలించండి, పరిశీలించండి. చీకటి పడేలోపు నా గేదెలకి గడ్డెయ్యాలి, నూకరాజుని పంపుతాను" అంది. "గడ్డికి ఉత్తర్వు అక్కర్లేదుగా? వచ్చేటప్పుడు చోటుంటే ఆయన్ని కూడా ఎక్కించుకు రమ్మంటాను."